తీసేశారు, ఎందుకో చెప్పలేదు

రెడిట్ అనే చర్చల సైట్‌లో ఒక వ్యాఖ్యను మోడరేటర్ తొలగించినా, రాసిన మనిషికి అది ఉన్నచోటే కనిపిస్తుంది. తన ఖాతాతో లోపలికి వచ్చి ఎన్నిసార్లు చూసుకున్నా మాటలు చెక్కుచెదరవు. మిగతావాళ్లకు మాత్రం ఆ చోట తొలగించినట్టు ఒక్క ముక్క కనిపిస్తుంది, కింద జవాబులేవీ లేకపోతే అదీ ఉండదు. రాసినవారికి కబురు వెళ్లదు. ఎవరూ బదులివ్వడం లేదేమిటా అని ఎదురుచూసిన మనిషికి, ఎప్పుడో వేరే ఫోన్‌లో తెరిచి చూస్తే తప్ప సంగతి బోధపడదు.

జనం రాసినదాన్ని చూసి ఉంచడమో, తీసేయడమో, కంటికి కనపడకుండా వెనక్కి నెట్టడమో చేసే పనిని మోడరేషన్ అంటారు. అది లేనిచోట బూతులు, బెదిరింపులు, అమ్మకాల ప్రకటనలు కలిసి నాలుగు రోజుల్లో అసలు కబుర్లను మింగేస్తాయి. అందుకని మోడరేషన్ ఉండాలా వద్దా అన్న తగువు ఎప్పుడో తేలిపోయింది. తేలనిది మరొకటి: తీసేసినప్పుడు ఎందుకో చెప్పాలా, అక్కర్లేదా?

చెప్పకపోవడంలో చాలా రకాలున్నాయి. ఉలుకూ పలుకూ లేకుండా పోస్టు మాయమవడం ఒకటి. ‘మా సమూహ ప్రమాణాలకు విరుద్ధం’ అన్న అచ్చు వాక్యం ఒకటి వచ్చి ఊరుకోవడం ఇంకొకటి. ఆ ప్రమాణాలు పదుల పేజీలుంటాయి, అందులో ఏ పేరా, తన రాతలో ఏ మాట అన్నది ఆ వాక్యంలో ఉండదు. అన్నిటికంటే చిరాకు పెట్టేది షాడో బ్యాన్. మనిషి రాస్తూనే ఉంటాడు, లోకం మాత్రం చదవదు. తెలుగు పాఠకులకు ఈ ధోరణి బొత్తిగా కొత్త కాదు. కథల పోటీ ప్రకటన చివర ‘ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు’ అన్న వాక్యం వారపత్రికల్లో దశాబ్దాల పాటు వచ్చింది. అయితే పత్రిక అచ్చు వేయకముందే కాదనేది. అచ్చయి జనం చదివిన కథను రాత్రికి రాత్రి పుటలోంచి చెరిపేయడం దానికి చేతకాదు.

షాడో బ్యాన్ మొదట మామూలు వాడుకరుల కోసం పుట్టలేదు. 1980ల నాటి బులెటిన్ బోర్డుల్లోనే, గొడవలు పెట్టేవాడి రాతలు అతనికి తప్ప ఎవరికీ కనపడకుండా చేసే ఏర్పాట్లు ఉండేవి. వెళ్లగొడితే ఇంకో పేరుతో వస్తాడు, పట్టించుకునేవాళ్లు లేరనిపిస్తే విసిగి తనే పోతాడు అన్నది లెక్క. తర్వాత చెత్త ప్రకటనలు గుప్పించే యంత్ర ఖాతాల మీద ఇదే ఆయుధం బాగా పనిచేసింది. తాను దొరికిపోయానని యంత్రానికి తెలియకపోతే కొత్త ఖాతా తెరవదు. చిక్కల్లా ఆ ఆయుధాన్ని మనుషుల మీదికి తిప్పడంతో వచ్చింది. రెడిట్ ఈ తేడాను కొంత ఆలస్యంగా ఒప్పుకుంది. 2005లో మొదలైన ఆ సైట్, పదేళ్ల తర్వాత 2015 నవంబరులో, మామూలు వాడుకరులకు షాడో బ్యాన్ బదులు విషయం తెలియజేసే సస్పెన్షన్ పద్ధతి తెచ్చింది. అది కంపెనీ వేసే శిక్షల సంగతి. సబ్‌రెడిట్లనే చిన్న చిన్న సమూహాల్లో స్వచ్ఛంద మోడరేటర్లు చేసే తొలగింపుల తీరు వేరే.

కారణం చెప్పడం సాధ్యమేనని అంతకు చాలా ముందే ఒక సైట్ చూపించింది. 1997లో మొదలైన స్లాష్‌డాట్ సాంకేతిక వార్తల మీద చర్చలకు పేరు మోసింది. అక్కడ వ్యాఖ్యలను చెరిపేసేవారు కాదు. క్రమం తప్పకుండా వచ్చే పాఠకుల్లో కొందరికి కొద్దిరోజుల పాటు కొన్ని పాయింట్లు ఇచ్చేవారు. వాటితో వ్యాఖ్య విలువను పెంచవచ్చు, తగ్గించవచ్చు, కానీ ఒక షరతు ఉంది: ఎందుకో ఒక్క మాటలో గుర్తు పెట్టాలి. ఆలోచింపజేసేది, నవ్వించేది, విషయానికి సంబంధం లేనిది, తగవు పెట్టేది ఇలా. విలువ పడిపోయిన వ్యాఖ్య మరుగున పడుతుంది గాని పోదు, కావాలనుకున్నవారు చూడవచ్చు. 1999లో మరో మెట్టు వేశారు. మోడరేటర్లు ఇచ్చిన తీర్పులు న్యాయంగా ఉన్నాయా అని మిగతా పాఠకులు తీర్పు చెప్పే ఏర్పాటు అది. 2001 మార్చిలో కాపీరైటు ఒత్తిడి వల్ల ఒక వ్యాఖ్యను నిజంగానే తీసేయాల్సి వచ్చింది. నిర్వాహకులు ఆ సంగతిని దాచకుండా, ఎందుకు తీశారో వివరిస్తూ సైట్‌లోనే ఒక వ్యాసం పెట్టారు. ఒక్క వ్యాఖ్యకు ఒక వ్యాసం! ఇప్పటి లెక్కల్లో చూస్తే అది అత్తరుతో వాకిలి కడిగినట్టే.

ఇప్పటి లెక్క వేరు. కోవిడ్ విజృంభించిన 2020లో యూట్యూబ్ తన సమీక్షకులను ఇళ్లకు పంపి, పనిలో ఎక్కువ భాగం యంత్రాలకు అప్పగించింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల్లో తొలగించిన వీడియోలు 1 కోటి 14 లక్షలు. అప్పీలు మీద తిరిగి పెట్టినవి లక్షా అరవై వేలకు పైగా, అంతకు ముందు మూడు నెలల్లో తిరిగి పెట్టినవి దాదాపు 41 వేలే. పట్టు కాస్త బిగించినా పరవాలేదు, హానికరమైనవి జారిపోకూడదు అని తామే నిర్ణయించుకున్నామని కంపెనీ చెప్పింది. ఈ సంఖ్యల ముందు ఒక్కొక్కరికీ కూర్చుని ఉత్తరం రాయమనడం కుదరని పని అన్నది కంపెనీల మొదటి వాదన. అది నిజమే. అయితే తీసేయడానికి యంత్రం పనికొచ్చినప్పుడు, ఏ నిబంధన కింద తీసిందో చెప్పడానికి అదే యంత్రం ఎందుకు పనికిరాదు అన్న ప్రశ్నకు మాత్రం ఆ వాదనలో జవాబు లేదు.

రెండో వాదన గుట్టుకు సంబంధించింది. ఏ మాటకు వల పడుతుందో బయటపెడితే, దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టవుతుందని అంటారు. రెడిట్‌లో ఆటోమోడరేటర్ అనే సాధనం ఉంది. ఒక వాడుకరి సరదాగా తయారుచేసుకున్న ఆ ప్రోగ్రాము తర్వాత సైట్‌లోనే భాగమైంది. కొత్త ఖాతా అయితే ఆపు, ఫలానా మాట ఉంటే తీసేయి, ఫలానా సైట్ లింకు ఉంటే పక్కన పెట్టు అని ప్రతి సమూహం తన సూత్రాలు తనే రాసుకుంటుంది. ఆ సూత్రాల పేజీ మామూలుగా మోడరేటర్లకే కనిపిస్తుంది. సమూహం గోడ మీద కనిపించే నియమాలు పది ఉంటే, లోపల పనిచేసే సూత్రాలు వంద ఉండవచ్చు. నిన్నగాక మొన్న చేరి, గోడ మీది పదీ శ్రద్ధగా చదివి రాసిన మనిషి పోస్టు పదకొండో సూత్రానికి తగిలి పడిపోతుంది.

మూడో వాదన పైకి చెప్పనిది, బహుశా అన్నిటికంటే నిజమైనది. కారణం చెబితే వాదన మొదలవుతుంది. సబ్‌రెడిట్ మోడరేటర్లకు జీతం లేదు. పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి ఇంటి పని అయ్యాక కూర్చుని వందల పోస్టులు చూసే మనుషులు వాళ్లు. ‘ఇది మూడో నియమానికి విరుద్ధం’ అని రాస్తే, ‘నిన్న ఫలానావాడి పోస్టు ఎలా ఉంచారు?’ అని తిరుగు ప్రశ్న, దాని వెనక తిట్లు. నాలుగుసార్లు తిట్లు తిన్నాక ఎవరైనా నోరు మూసుకుని మీట నొక్కడమే నేర్చుకుంటారు. మోడరేటర్ల మౌనాన్ని అహంకారంగా చూడటం తేలిక. చాలాచోట్ల అది అలసట.

కారణమేదైనా, చెప్పనిచోట జనం తమ కారణాలు తాము అల్లుకుంటారు. ఇంటర్నెట్ పరిశోధకులు వీటిని జానపద సిద్ధాంతాలు అంటారు. లింకు పెడితే పోస్టు ఎవరికీ చేరదని, ఒక గంటలో రెండుసార్లు రాస్తే కంపెనీకి కోపమని, ఫలానా పార్టీని తిడితే తొక్కేస్తారని. వీటిలో కొన్ని నిజం కావచ్చు, తేల్చుకునే దారే ఉండదు.

చదరంగం వీడియోల మీద జరిగిన గొడవ దీనికి మంచి ఉదాహరణ. క్రొయేషియాకు చెందిన ఆంటోనియో రాడిచ్ యూట్యూబ్‌లో ఆగడ్‌మేటర్ పేరుతో చదరంగం ఆటలను విశ్లేషిస్తాడు. 2020 జూన్‌లో అతడు గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురాతో మాట్లాడిన వీడియో ‘హానికరం, ప్రమాదకరం’ అన్న ముద్రతో మాయమైంది. ఒక రోజులో తిరిగి వచ్చింది గాని, ఏం తప్పు జరిగిందో కంపెనీ విడమరిచి చెప్పలేదు. అప్పుడే జనంలో ఒక అనుమానం పుట్టింది: తెల్లవి, నల్లవి, దాడి, ముప్పు అన్న చదరంగం మాటలను యంత్రం జాతి విద్వేషం అనుకుందేమో! కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పరీక్షకు పెట్టారు. చదరంగం చానళ్ల నుంచి తీసిన 6 లక్షల 80 వేలకు పైగా వ్యాఖ్యలను, విద్వేషాన్ని పట్టే ప్రోగ్రాములకు వదిలారు. అవి పట్టిచ్చిన వాటిలో వెయ్యి తీసి మనుషులతో చదివిస్తే, 82 శాతం వ్యాఖ్యల్లో విద్వేషం ఊసే లేదు. అలాంటి పొరపాటు జరగవచ్చని దీంతో తేలింది. రాడిచ్ వీడియోకు జరిగింది అదేనా అన్నది మాత్రం యూట్యూబ్ ఒక్కటే చెప్పగలదు.

తెలుగుకు ఈ చిక్కు ఇంకా దగ్గరిది. సినిమా చూసి వచ్చినవాడు ‘ఇంటర్వెల్ సీన్లో చంపేశాడు, సెకండాఫ్‌లో ఇరగదీశాడు, మొత్తానికి కుమ్మేశాడు’ అని రాస్తే అది హీరోకు పొగడ్త. మాట మాటగా చదివే యంత్రానికి అది హత్య, అంగవైకల్యం, దాడి. ‘నవ్వలేక చచ్చాం’ అన్నదాంట్లో విషాదం లేదు, ‘నీ దుంప తెగ’ అన్నదాంట్లో చాలాసార్లు ముద్దే తప్ప శాపం ఉండదు. పైగా తెలుగువాళ్లు ఇంటర్నెట్‌లో రాసేదాంట్లో చాలా భాగం ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు రాసేది. తప్పెక్కడ పట్టారో చెప్పకపోతే ఇలాంటి మాటలు రాసే మనిషి ఏం దిద్దుకోవాలి? ఊళ్ల పేర్లకే దిక్కు లేదు. 2021లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ హో అనే సముద్రతీర ప్రాంతం పేరును ఫేస్‌బుక్ ఇంగ్లిష్ తిట్టుగా పొరబడి పోస్టులు తీసేసి, తర్వాత క్షమాపణ చెప్పుకుంది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో బిచ్ అనే పట్టణం అధికారిక పేజీ కూడా ఇలాగే మాయమై, కొన్ని వారాల తర్వాత తిరిగి వచ్చింది.

అనుమానం ముదిరితే భాషే మారిపోతుంది. టిక్‌టాక్‌లో ‘చనిపోవడం’ అన్న మాటకు బదులు ‘అన్‌అలైవ్’ అనడం అలా పుట్టిందే. యంత్రం కన్ను కప్పడానికి పుట్టిన ఈ మారుమాటల భాషకు ఆల్గోస్పీక్ అని పేరు కూడా వచ్చింది. నిజంగా ఆ మాటకు శిక్ష ఉందో లేదో తెలియకపోయినా, ఉందేమోనన్న భయం చాలు.

కారణం చెప్పినంత మాత్రాన కోపం ఆరిపోతుందా అంటే, స్టాక్ ఓవర్‌ఫ్లో చరిత్ర చూడాలి. ప్రోగ్రామింగ్ సందేహాల కోసం 2008లో వచ్చిన ఈ సైట్ తెలుగు రాష్ట్రాల సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు చాలాకాలం రోజూ వాడే పనిముట్టుగా ఉంది. ఇక్కడ ప్రశ్నను మూసేస్తే కారణం రాస్తారు: ఇంతకు ముందే అడిగారు, వివరాలు చాలవు, ఇది అభిప్రాయాల మీద ఆధారపడింది అని. మూయమన్నవాళ్ల పేర్లూ తెలుస్తాయి. అయినా కొత్తవాళ్లను కసిరే చోటుగా దానికి చెడ్డపేరు వచ్చింది. 2018లో కంపెనీయే తమ సైట్ కొత్తవారిని ఆదరించడం లేదని బహిరంగంగా ఒప్పుకుంది. లోపం ఎక్కడంటే, ఆ కారణాలు పాతకాపులకే అర్థమయ్యే భాషలో ఉన్నాయి. ‘ఇంతకు ముందే అడిగారు’ అని చూపించిన పాత ప్రశ్న తన ప్రశ్న ఎలా అవుతుందో తెలిసేంత జ్ఞానం ఉంటే, అడిగిన కుర్రాడు అసలు అడిగేవాడే కాదు. ఇక మైనస్ ఓటు వేసినవారి పేరు కనపడదు, ఎందుకు వేశారో చెప్పాలన్న నియమమూ లేదు. దాని మీద ఫిర్యాదులు సైట్ అంత పాతవి.

వికీపీడియాది మరో దారి. అక్కడ ప్రతి మార్పూ చరిత్రలో నిలుస్తుంది, ఎవరు, ఎప్పుడు, ఏ సారాంశంతో చేశారో ఎవరైనా చూడవచ్చు. పేజీ తొలగిస్తే చిట్టాలో నమోదవుతుంది. ఇంగ్లిష్ వికీపీడియాలో ఆ కారణాలు తరచు ఏ7, జీ11 లాంటి సంకేతాలుగా ఉంటాయి. ప్రాముఖ్యం కనపడని విషయమని మొదటిదానికి అర్థం, ప్రకటనలా ఉందని రెండోదానికి. కొత్తవారికి అవి రైల్వే గార్డు జెండాల్లాంటివే. కానీ రాసి ఉన్న కారణానికి ఒక గుణం ఉంది, దాన్ని పట్టుకుని నిలదీయవచ్చు. కెనడా భౌతికశాస్త్రవేత్త డొనా స్ట్రిక్‌లాండ్ మీద ఒకరు పంపిన చిత్తుప్రతిని 2018 మేలో ఒక సమీక్షకుడు, వ్యాసానికి తగినంత ప్రాముఖ్యాన్ని ఆధారాలు చూపడం లేదంటూ తిప్పికొట్టాడు. అక్టోబరు 2న ఆమెకు నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆ తిరస్కరణ, దాని తేదీ, దాని కారణం అన్నీ చిట్టాలో కనిపించడం వల్లనే పత్రికలు దాన్ని బయటికి తీయగలిగాయి, వికీపీడియాలో మహిళల జీవిత చరిత్రలు ఎంత తక్కువో చర్చ జరిగింది. అదే తిరస్కరణ మౌనంగా జరిగి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ ఈ పద్ధతే. తొలగింపు మీద అభ్యంతరం ఉంటే చర్చ పేజీలో రాయవచ్చు, అందరికీ సంబంధించిన విషయమైతే తేల్చుకునే చోటు పేరు రచ్చబండ. తెలుగులో ఇంటర్నెట్ కోసం పెట్టిన పేర్లలో ఇంత అతికినట్టు కుదిరినవి తక్కువ.

వివరణ ఇవ్వడం వల్ల లాభం ఉందా అన్నది కేవలం అభిప్రాయంగా మిగల్లేదు. షగున్ ఝవేర్, అతని సహ పరిశోధకులు రెడిట్ మీద రెండు అధ్యయనాలు చేసి 2019లో ప్రచురించారు. ఒకదానిలో, అప్పుడే పోస్టు పోగొట్టుకున్న 907 మందిని ప్రశ్నించారు. 37 శాతం మందికి ఎందుకు పోయిందో అర్థం కాలేదు, 29 శాతం మంది విసుగు వెళ్లగక్కారు. నియమాలు చదివి రాసినవారిలో, కారణం తెలిసినవారిలో ‘న్యాయమే’ అన్నవాళ్లు ఎక్కువ. రెండో అధ్యయనంలో సుమారు 3 కోట్ల 20 లక్షల పోస్టులను పరిశీలించారు. వివరణ అందుకున్న మనిషి తర్వాత రాసిన పోస్టులు తొలగింపుకు గురయ్యే అవకాశం తగ్గింది. ఆ వివరణ మనిషి రాసినా, యంత్రం పంపినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నది అందులో ఆసక్తికరమైన సంగతి. తీరిక లేదన్న మోడరేటర్ల వాదనకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు. ఒకసారి శ్రద్ధగా నాలుగు వాక్యాలు రాసి పెట్టుకుంటే యంత్రమే పంపుతుంది.

తెర వెనక మనుషుల్లో కొందరు హైదరాబాద్‌లోనే ఉన్నారు. ఫేస్‌బుక్ కోసం నగరంలోని ఒక అవుట్‌సోర్సింగ్ సంస్థలో పనిచేసిన సమీక్షకుల మీద 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ కథనం వెలువడింది. ఎనిమిది గంటల షిఫ్టులో రెండు వేల పోస్టులు చూడాలన్నది తమ లక్ష్యమని వారు చెప్పారు, అంటే నిమిషానికి నాలుగు. జీతం తక్కువని, చూడాల్సిన దృశ్యాలు మనసును కలచివేసేవని కూడా అన్నారు. పదిహేను సెకన్లలో చూసి, అర్థం చేసుకుని, తీర్పు చెప్పాల్సిన మనిషి నుంచి వివరణ ఆశించడం అత్యాశ. ఆ పదిహేను సెకన్లను నిర్ణయించినవాళ్లను అడగాల్సిన ప్రశ్న అది.

అడగడం 2018 నాటికి ఒక రూపానికి వచ్చింది. ఆ ఏడాది పౌరహక్కుల సంస్థలు, పరిశోధకులు కలిసి రాసిన శాంటా క్లారా సూత్రాలు కంపెనీలను మూడు అడిగాయి: ఎన్ని తీశారో లెక్క చెప్పండి, ఎవరి రాత తీశారో వారికి కబురు చేయండి, అప్పీలుకు వీలివ్వండి. యూరోపియన్ యూనియన్ 2022లో ఆమోదించి, 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలు చేస్తున్న డిజిటల్ సేవల చట్టం దీన్ని హక్కుగా మార్చింది. పోస్టును తీసినా, వెనక్కి నెట్టినా, ఏ వాస్తవాల ఆధారంగా, ఏ నిబంధన కింద, యంత్రం చేసిందా అన్నది రాతపూర్వకంగా చెప్పాలి. గుంపులుగా వచ్చిపడే మోసపు ప్రకటనలకు మాత్రం మినహాయింపు. షాడో బ్యాన్ ఎవరి మీద బాగా పనిచేసిందో వాళ్లకే దాన్ని పరిమితం చేసినట్టు.

భారతదేశంలో 2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ నియమాలు, 50 లక్షలు దాటిన వాడుకరులున్న సంస్థ తనంతట తాను పోస్టు తీసేముందు వాడుకరికి కారణం తెలపాలని, అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాలని నిర్దేశించాయి. ఫిర్యాదు అధికారిని నియమించాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి అన్నది అప్పటి గడువు. 2022 సవరణతో, ఆ అధికారి తీర్పు నచ్చకపోతే వెళ్లడానికి కేంద్రం అప్పీలు కమిటీలు పెట్టింది. మూడు కమిటీలు 2023 మార్చి నుంచి ఆన్‌లైన్‌లో పనిచేస్తున్నాయి. అవి ప్రభుత్వం నియమించినవి కావడం మీద విమర్శ ఉంది, అది తేలిగ్గా కొట్టివేయదగింది కాదు. ఎందుకంటే ప్రభుత్వమే తీయించినప్పుడు మౌనం మరింత గట్టిది. ఐటీ చట్టం 69ఏ కింద వెబ్‌సైట్లను, పోస్టులను ఆపే ఉత్తర్వులను 2009 నాటి నియమాలు రహస్యంగా ఉంచమంటాయి. వరకట్నాన్ని వెక్కిరిస్తూ ఒక పాత్రికేయుడు పెట్టిన సైట్‌ను 2018లో ఆపేశారు. ఆ ఉత్తర్వు ప్రతి తనకు ఇవ్వాలన్న ఆదేశం ఢిల్లీ హైకోర్టు నుంచి అతనికి దక్కింది 2022లో.

నియమాలు ఏ భాషలో ఉన్నాయన్నది కూడా వివరణలో భాగమే. ఫేస్‌బుక్ తీర్పులను సమీక్షించే ఓవర్‌సైట్ బోర్డు 2021 ఏప్రిల్‌లో భారతదేశానికి చెందిన ఒక పంజాబీ పోస్టు మీద తీర్పు చెప్పింది. కోవిడ్ వల్ల సిబ్బంది తక్కువని ఆ వాడుకరి అప్పీలును అసలు చూడనేలేదు. బోర్డు ఎంచుకున్నాకే తప్పు బయటపడి పోస్టు తిరిగి వచ్చింది. ప్రమాణాలను ముందు పంజాబీలోకి అనువదించండి అని బోర్డు సిఫారసు చేసింది.

ఈ చట్టాలూ బోర్డులూ కంపెనీలను ఉద్దేశించి రాసినవి. రాత్రి పదకొండింటికి తన సొంత సమూహంలో వ్యాఖ్య తీసేసే జీతం లేని మోడరేటర్ గురించి భారత నియమాల్లో విడిగా ఏమీ లేదు. అక్కడ మిగిలిన దారి మోడరేటర్లకు సందేశం రాయడం. జవాబు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. సందేశం రాయాలన్నా వ్యాఖ్య పోయినట్టు ముందు తెలియాలి కదా. అందుకని రెడిట్‌లో అనుభవం ఉన్నవాళ్లు వ్యాఖ్య పెట్టిన కాసేపటికి ఖాతాలోంచి బయటికొచ్చి, అదే లింకును పరాయివాళ్లలా తెరిచి చూసుకుంటారు.